కావలి షెడ్డులో కూర్చొని జపాన్ వేలంలో కారు కొన్నాం

మా షెడ్డులో కంప్రెసర్ పైన గోడకి ఒక కాగితం అంటించుంటది. అంతా జపాన్ రాత, సగం అచ్చు సగం చేతిరాత, కింద ఒక మూలన కారు బొమ్మ, ఉప్పు పెట్టడానికి చీరి పరిచిన చేపలాగా నాలుగు పక్కలా విప్పి గీసుంటది, దాని మీద అక్కడక్కడా చిన్న చిన్న అక్షరాలూ నంబర్లూ. అంచులు గ్రీజు వేళ్ళు తగిలి నల్లబడిపోయాయి. బండి పనికి వచ్చిన ప్రతి ఒక్కరూ అదేంది అబ్బాయ్ అని అడుగుతారు. అది 2004 మోడల్ హోండా ఇంటెగ్రా టైప్ ఆర్ కారు ఆక్షన్ షీటు, అంటే వేలానికి ముందు కారు కండిషను రాసే కాగితం. ఆ కారుని నేను ముట్టుకోలా, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా దాని డోరు తీసింది లేదు, కానీ దాన్ని ఎంచింది నేనే. డబ్బు పెట్టింది ఆక్లండ్‌లో ఉన్న మా బావ. అడిగినోళ్ళకి ముక్కలు ముక్కలుగా చెప్పడమే గానీ మొత్తం ఎప్పుడూ చెప్పలేదు, అందుకని కూర్చొని రాస్తన్నా.

మా అక్కావాళ్ళు న్యూజిలాండ్ పోయి తొమ్మిదేళ్ళు. బావకి కాలేజీ రోజుల నుంచి టైప్ ఆర్ పిచ్చి, హోండా వాళ్ళు స్పీడు కోసం చేసే రకాలకి పెట్టే పేరు అది. అక్కడ ఊళ్ళో అమ్మకానికి దొరికేవి దొరుకుతాయి గానీ చాలా వరకు కుర్రోళ్ళు చేతులు మార్చి మార్చి, పైపులు కోసి, బొనెట్‌కి బొక్కలు పెట్టి వదిలేసినవి. జపాన్ నుంచి నేరుగా తెప్పించుకుంటే మేలని ఆయన ఆలోచన. న్యూజిలాండ్‌లో అదేం వింత కాదు, వాళ్ళదీ మనలాగే రైట్ హ్యాండ్ స్టీరింగు, అక్కడ రోడ్ల మీద తిరిగే కార్లలో చాలా మటుకు జపాన్‌లో ఒకసారి వాడేసి వచ్చినవే. బావకి కారు తోలడం వచ్చు, రేకు చూడటం రాదు. ఒక రోజు ఫోన్ చేసి, "బామ్మర్దీ, నువ్వు చూసి ఊ అంటే కొంటా, లేకపోతే లేదు" అన్నాడు. నేను అక్కడికి పోయి చూసేదెట్టా బా అంటే, ఎవరూ పోయి చూడరు అబ్బాయ్, అంతా కాగితం మీదే అన్నాడు. నాకు ఆ మాట మింగుడు పడలా.

ముందు ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే అందరూ ఇదే అడుగుతారు, మరి నువ్వెందుకు తెప్పించుకోలేదని. మన దేశంలోకి సెకండ్ హ్యాండ్ కారు రావాలంటే అది తయారై 3 ఏళ్ళు దాటకూడదు. స్టీరింగు కుడి పక్కనుండాలి, స్పీడోమీటరు కిలోమీటర్లలో ఉండాలి, ఇంకా కనీసం 5 ఏళ్ళు రోడ్డు మీద తిరగగలదని సర్టిఫికెట్ కావాలి, దిగడం ముంబై పోర్టులోనే దిగాలి. మా జిల్లాలోనే కృష్ణపట్నం పోర్టు పెట్టుకోని కూడా ఆ దారిన రానీరు. ఇవన్నీ అయినా సుంకం కారు ధరకి 100 శాతం పైమాటే, దాని మీద జీఎస్టీ. అంటే 20 ఏళ్ళ నాటి ఇంటెగ్రా కావలి ట్రంకు రోడ్డు మీద తిరిగే దారి లేదు, డబ్బు ఉన్నా లేదు. ఏదో ఒక రకంగా తెప్పిస్తామని చెప్పేవాళ్ళు ఉంటారు, నమ్మబాకండి, రేపు బండీ పోద్ది, పరువూ పోద్ది.

నా దగ్గరున్నది 2002 మోడల్ హోండా సిటీ, 1.5 వీటెక్. 106 హార్స్‌పవర్. మన దేశంలో మామూలోడికి అందిన జపాన్ స్పోర్ట్స్ కారంటే నా లెక్కలో అదే. పైకి చూస్తే బ్యాంకు ఆఫీసరు బండిలా ఉంటది, ఇంజనుని నాలుగున్నర వేల ఆర్‌పీఎం దాటించి చూడండి అప్పుడు తెలుస్తది. దాన్ని 2016లో చెన్నైలో కొన్నా. బ్రోకర్ ఎవరనేది వద్దు లే. సింగిల్ ఓనరు, డాక్టరు గారి బండి, వాన చుక్క తగల్లేదు అన్నాడు. పెయింటు అద్దంలా ఉంది, ఏసీ గడ్డ కడుతోంది, నేను మెకానిక్‌ని అయ్యుండి కూడా మెరుపుకి పడిపోయా. ఇంటికొచ్చిన రెండో వారంలో వెనక సీటు బెల్టు పూర్తిగా లాగితే, చివరి జానెడు మీద అడ్డంగా సన్నటి మట్టి గీత. బెల్టు చుట్టలో లోపలికంటా ఉండే భాగం కదా అది, ఎవరూ అంత దూరం లాగరు, కడిగేవాడు కూడా లాగలా. అప్పుడు డ్యాష్‌బోర్డు విప్పితే వైరింగు సందుల్లో ఎండిన బురద, గోరుతో గీకితే పొడి రాలింది. 2015 డిసెంబర్ చెన్నై వరదల్లో మునిగిన బండి అది. ఆ ఏడాది అట్టాంటివి మన వైపు చాలా వచ్చాయి, నెల్లూరు ఒంగోలు దాకా. వైరింగు మొత్తం మార్చుకోని, ఫ్లోరంతా గీకి ప్రైమర్ కొట్టుకోని, ఇప్పటికీ అదే తోలుతున్నా, ఇష్టంగానే తోలుతున్నా. కానీ కళ్ళ ముందు నిలబెట్టుకోని, చేత్తో తడిమి, తోలి చూసి కూడా మోసపోయినోడిని నేను. అందుకే చూడకుండా కొనడమంటే అంత భయం.

సరే బావ పంపిన మొదటి షీట్లు చూడటం మొదలుపెట్టా. ఇక్కడే నా అభిప్రాయం మెల్లిగా మారింది. జపాన్‌లో వాడిన కార్లు డీలర్ల మధ్య వేలంలో చేతులు మారతాయి, యూఎస్‌ఎస్ అనే సంస్థది అన్నిటికంటే పెద్దది, టోక్యో పక్కన చిబాలో నోదా అనే ఊళ్ళో వాళ్ళ యార్డు, ప్రతి గురువారం వేలం, ఒక్క రోజులో పది వేలకి పైగా బండ్లు. వేలానికి ముందు వేలం సంస్థ ఇన్‌స్పెక్టరు ప్రతి కారునీ చూసి షీటు రాస్తాడు. ఆ మనిషికి కారు అమ్ముడుపోతే లాభం లేదు, పోకపోతే నష్టం లేదు. అదీ కిటుకు. పైన ఒక గ్రేడు ఉంటది, 5, 4.5 అంటే కొత్తదానికి దగ్గర, 4 అంటే బాగుంది, 3.5 అంటే గీతలూ సొట్టలూ కనపడతాయి. ఆర్ అని ఉంటే అసలు చట్రం దాకా దెబ్బ తగిలి రిపేరు చేసిన బండి. ఇక్కడ ఒక మెలిక ఉంది, బోల్టులతో బిగించే ఫెండరు, బొనెట్టు, డోరు లాంటివి మార్చినా అది వాళ్ళ లెక్కలో ఆర్ కాదు, చట్రానికి సంబంధించిన రేకు కోసినా, నొక్కి లాగినా అదే ఆర్. కారు లోపలి భాగానికి గ్రేడు వేరే, ఏ, బీ, సీ అని. బొమ్మ మీద ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, డబ్ల్యూ అంటే టింకరింగ్ చేసిన అల, ఎస్ అంటే తుప్పు, డబుల్ ఎక్స్ అంటే ఆ ముక్క మార్చేశారు. పక్కన 1, 2, 3 ఆ దెబ్బ సైజు. ఏ1 అంటే గోరు గీత లాంటిది. మోడల్ సంవత్సరం కూడా వాళ్ళ లెక్కలో ఉంటది, హెయ్‌సెయ్ 16 అని ఉంటే దానికి 1988 కలుపుకోవాలి, 2004. ఇదంతా నాకు రెండు వారాలు పట్టింది, రాత్రిళ్ళు షెడ్డు కట్టేసినాక ఫోన్ పట్టుకోని కూర్చునేవాణ్ణి.

బావకి ముందు ఆశ పుట్టింది మాజ్డా ఆర్‌ఎక్స్-8 మీద. నాలుగు సీట్లు, వెనక డోర్లు వెనక్కి తెరుచుకుంటాయి, ధర కూడా తక్కువ. నాకూ ఆ ఇంజను మీద మోజే, పిస్టన్లు లేకుండా మూడు మూలల రోటరు తిరిగే ఇంజను, ఒక్కొక్కటి 654 సీసీ చొప్పున రెండు. కానీ నేను వద్దన్నా. దానికి ప్రాణం ఆ రోటరు కొసల్లో ఉండే సీళ్ళు, అవి అరిగినాయో లేదో తెలియాలంటే కంప్రెషన్ చూడాలి, మామూలు గేజీతో చూస్తే సరిగ్గా తెలియదు, రోటరు మూడు ముఖాలకీ విడివిడిగా చూపించే మీటరు కావాలి. వేలం షీటులో ఆ అంకె ఉండదు. రేకు గురించి కాగితం చెప్తది, లోపలి సీళ్ళ గురించి చెప్పదు. కాగితం చెప్పలేనిదాన్ని కాగితం మీద కొనకూడదు బా అన్నా. ఒప్పుకున్నాడు. అక్క కూడా ఆ పక్కనుంచి, "రెండు డోర్లా నాలుగు డోర్లా అన్నది కాదురా, పిల్లోడు వెనక కూర్చొని కాళ్ళు పెట్టుకోవాలి, అది చూడు" అంది. ఇంటెగ్రా అయితే డోర్లు రెండే గానీ వెనక సీటుంది, ఎనిమిదేళ్ళ పిల్లోడు హాయిగా కూర్చోవచ్చు.

ఇంటెగ్రా టైప్ ఆర్‌లో డీసీ5 అనే తరం ఇది, 2001లో వచ్చింది. కే20ఏ ఇంజను, 2 లీటర్లు, 8000 ఆర్‌పీఎం దగ్గర 220 హార్స్‌పవర్, టర్బో లేదు ఏమీ లేదు. టైమింగు బెల్టు కాదు చైను. ఫ్యాక్టరీ నుంచే ముందు బ్రెంబో బ్రేకులు, రెకారో సీట్లు, ఆరు గేర్లు, ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా చూసే ఎల్‌ఎస్‌డీ. టైప్ ఆర్ తెలుపు రంగుకి కూడా ఒక కథ ఉంది, ఛాంపియన్‌షిప్ వైట్ అంటారు, 1965లో మెక్సికోలో హోండా మొదటి ఫార్ములా వన్ గెలిచిన కారు రంగు అది, పాల తెలుపు కాదు, కొంచెం మీగడ రంగు. కారు మీద ఎర్ర హోండా గుర్తు. మా సిటీకీ దీనికీ చుట్టరికం ఉందని నాకు గట్టిగా అనిపిస్తది. రెండిట్లోనూ అదే వీటెక్ ఉపాయం, తక్కువ స్పీడులో వాల్వులు తెరిచే చిన్న క్యామ్ మీద నడిచి, ఒక ఆర్‌పీఎం దాటంగానే ఆయిల్ ప్రెషరుతో ఒక పిన్ను లోపలికి తోసుకోని రాకర్లని కలిపేసి పెద్ద క్యామ్ మీదికి మారుతాయి. సిటీలో ఇన్‌టేక్ వాల్వులకే, దీంట్లో రెండు వైపులా.

మరి ఇంత మంచి బండిని జపాన్ వాళ్ళు ఎందుకు వదిలించుకుంటారంటే, అక్కడ పాత బండి ఉంచుకోవడం ఖర్చు. షాకెన్ అని రెండేళ్ళకొకసారి కట్టుదిట్టమైన తనిఖీ, దాంతో పాటే టాక్సు, ఇన్సూరెన్సు. పెట్రోలు బండికి 13 ఏళ్ళు దాటితే ఏటా కట్టే టాక్సు 15 శాతం దాకా పెరుగుతది. పార్కింగ్ జాగా చూపిస్తే గానీ చాలా చోట్ల కారు పేరు మీదకి రాదు. అందుకని వదిలేస్తారు, ప్రపంచం పట్టుకుపోతది. ఆ తనిఖీ మూలంగానే బండ్లు అంత పద్ధతిగా ఉంటాయి కూడా. న్యూజిలాండ్‌లో ఇంకో మేలు, బయటి నుంచి వచ్చే పాత కార్లకి ఈఎస్‌సీ అనే జారుడు కంట్రోలు తప్పనిసరి, 20 ఏళ్ళు దాటిన బండికి ఆ నిబంధన నుంచి మినహాయింపు. మనకి 3 ఏళ్ళు దాటితే రానీరు, వాళ్ళకి 20 దాటితే దారి సులువు. అందుకే మేము 2004 అంతకంటే ముందువే చూశాం.

ఇప్పుడు అసలు విషయం. వేలంలో మన తరఫున పాడటానికి మొదట పట్టుకున్న ఏజెంటు షీటుతో పాటు తర్జుమా కూడా పంపేవాడు, "మంచి కండిషను, చిన్న గీతలు" అని రెండు లైన్లు. ఒక తెల్ల డీసీ5, గ్రేడు 4, బావ పొంగిపోయాడు, నేనూ ఇంచుమించు ఊ అన్నా. ఎందుకో షీటు చివర ఇన్‌స్పెక్టరు చేత్తో రాసిన లైను ఒకటి తర్జుమాలో లేదనిపించింది. అక్కడ అక్షరాలెక్కువ, ఇక్కడ మాటలు తక్కువ. ఫోన్‌లో బొమ్మ తీసి చూపిస్తే ఆ యాప్ చేతిరాత చదవలేక ఏదో వాగింది. అక్షరం అక్షరం పోల్చుకుంటా పోతే తేలిన మాట "షిటామావారి సబి". షిటామావారి అంటే కింది భాగం, సబి అంటే తుప్పు. కారు కిందంతా తుప్పు! ఆ ఒక్క మాటే ఆయన తర్జుమాలోంచి జారిపోయింది. కావాలని చేశాడో, చేత కాకో, నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజే ఏజెంటుని మార్చేశాం. ఆ రోజు నుంచే నేను ఆ మాట ఎట్టుంటదో కళ్ళకి పట్టించుకున్నా. సబి రెండే అక్షరాలు, మొదటిది విరిగిన నిచ్చెన ముక్కలా ఉంటది, రెండోదాని నెత్తిన రెండు చుక్కలుంటాయి. ఎంత పాడు చేతిరాతలోనైనా ఆ రెండు చుక్కలు నాకు ఆనతాయి ఇప్పుడు.

తుప్పంటే మాకు కొత్త కాదు. మా నాయన ట్రంకు రోడ్డు మీద లారీ షెడ్డు నడిపాడు, ఇస్కపల్లి నుంచి ఉప్పు మోసే లారీలన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. ఇప్పుడు నా దగ్గరికి జువ్వలదిన్నె వైపు నుంచి చేపల వ్యాన్లు, రొయ్యల వ్యాన్లు వస్తాయి, ఐసు కరిగిన ఉప్పు నీళ్ళు కారి కారి నాలుగేళ్ళకే చట్రానికి అడ్డంగా ఉండే క్రాసుమెంబరు పొరలు పొరలుగా లేస్తది. నాయన కింద పడుకోని సుత్తి పిడితో తట్టేవాడు, టంగుమంటే రేకుంది, టప్పుమంటే లేదు. "పైకి కనపడిందంటే లోపల ఎప్పుడో తిన్నది రా" అనేవాడు. జపాన్‌లో ఉత్తరాన హొక్కైడో, తోహోకు, నీగాటా వైపు చలికాలమంతా మంచు, రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు నీళ్ళు బండి అడుగున పట్టి మా చేపల వ్యాన్ల పనే చేస్తాయి. పైన పెయింటు నిగనిగలాడుతానే ఉంటది. కొత్త ఏజెంటుకి బావ చేత ఒకటే షరతు చెప్పించా, వేలానికి ముందు మనిషిని పంపి కింద నుంచి ఫొటోలు తీయిస్తేనే పాట పాడతాం, లేకపోతే లేదు. దానికి వేరే ఫీజు తీసుకున్నాడు, అది పెట్టిన వాటన్నిటిలోకీ విలువైన ఖర్చు.

2025 మే నెలంతా గురువారాలు నాకు ఇదే పని. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు, అక్కడ పది గంటలకి మొదలైతే ఇక్కడ పొద్దున ఆరున్నర, ఆక్లండ్‌లో బావకి మధ్యాహ్నం ఒంటిగంట. ఎదురు హోటల్ నుంచి టీ తెప్పించుకోని, షెడ్డు షట్టరు సగం ఎత్తి, స్టూలు మీద కూర్చొని వీడియో కాల్. నాయన కూడా వచ్చి కూర్చునేవాడు, కళ్ళజోడు పెట్టుకోని. ఒక్కో కారు పాట అర నిమిషం కూడా పట్టదు, మనం పై హద్దు ముందే చెప్పేస్తాం, దాటితే పోయినట్టే. నాలుగు బండ్లు అట్టా చెయ్యి జారాయి. ఒక దానికి గ్రేడు 4.5, కింద ఫొటోలు వస్తే ఫ్లోరంతా నల్ల రంగు కొత్తగా కొట్టుంది. నాయన ఫోన్ దగ్గరికి తెచ్చుకోని చూసి, ఈ రంగు ఎందుకు కొట్టినట్టు అన్నాడు. బోల్టుల తలల మీద కూడా రంగు ఉంది, సైలెన్సర్ క్లాంపు మీద కూడా ఉంది, పని మీద కొట్టిన రంగు కాదు, దాచడానికి కొట్టిన రంగు. వదిలేశాం. బావకి ఆ వారం నా మీద కోపమొచ్చింది, ఇట్టా ప్రతిదానికీ వంక పెడితే కారు వచ్చినట్టే అన్నాడు. నేను మాట్లాడలా.

ఐదోది ఇదే, గోడ మీద ఉన్నది. గ్రేడు 3.5, లోపల సీ, 1,18,000 కిలోమీటర్లు. ఎడమ ముందు ఫెండరు మీద డబుల్ ఎక్స్, కుడి డోరు మీద యూ2, బంపరు నిండా ఏ1లు ఏ2లు. చూడటానికి బీద షీటు. రెకారో సీటు పక్క గుడ్డ చిరిగింది, స్టీరింగు తోలు నున్నగా అరిగింది. కానీ కింది ఫొటోలు చూస్తే నా కళ్ళు నిలబడిపోయాయి. ఫ్లోరు మీద ఫ్యాక్టరీలో కొట్టిన సీలరు గీతలు కొట్టినవి కొట్టినట్టే, వెనక సబ్‌ఫ్రేము మీద దుమ్ము తప్ప ఏం లేదు, జాకీ పెట్టే అంచు వంగి ఉంది గానీ అక్కడ కూడా తుప్పు లేదు, ఎగ్జాస్టు జాయింటు బోల్టులకి మరలు కనపడుతున్నాయి. 21 ఏళ్ళ బండికి! కిరోకుబో ఉంది, అంటే సర్వీసు రికార్డు పుస్తకం. నాయన ఒక్క మాటే అన్నాడు, "ఇది వాడిన బండి, పాడైన బండి కాదు." పాడండి బా అన్నా. 18 లక్షల 60 వేల యెన్‌లకి సుత్తి పడింది, మన డబ్బులో అప్పటికి పదకొండు లక్షల లోపు. మా హద్దు 19 లక్షలు. అర నిమిషంలో అయిపోయింది, టీ ఇంకా వేడిగానే ఉంది, నాకు మాత్రం చేతులు వణికాయి, ఎందుకంటే డబ్బు నాది కాదు, మాట నాది.

తర్వాతి తతంగం ఏజెంటే చూసుకున్నాడు. అక్కడ రిజిస్ట్రేషను రద్దు చేసి ఎగుమతి సర్టిఫికెట్ ఇస్తారు, దాంట్లో షాకెన్ అప్పుడు రాసిన కిలోమీటర్లు కూడా ఉంటాయి, మీటరు తిప్పారో లేదో అక్కడ పోల్చుకోవచ్చు, ఇది మాత్రం తప్పకుండా పోల్చుకోండి. మాకు సరిపోయింది. న్యూజిలాండ్ వాళ్ళకి బయటి మట్టి, విత్తనాలు, పురుగులంటే పెద్ద భయం, టైరు సందులో గడ్డి పరక ఉన్నా ఊరుకోరు, కడిగి తనిఖీ చేసి ఎక్కించాలి. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా అయితే కంపు నల్లి లాంటి ఒక పురుగు కోసం బండికి వేడి పట్టించడమో మందు కొట్టడమో కూడా ఉంటది, మాది జూన్‌లో ఎక్కింది కాబట్టి ఆ బాధ తప్పింది. కార్లే తోలుకోని ఎక్కించే ఓడ, మూడు వారాల పైన పట్టింది. దిగినాక కారుకీ ఓడ ఖర్చుకీ ఇన్సూరెన్సుకీ కలిపి 15 శాతం జీఎస్టీ, వేరే సుంకం లేదు. మన లెక్కతో పోల్చుకుంటే ఏం చెప్పాలి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఉంది, అది కూడా రాయాలి. ఆక్లండ్‌లో రోడ్డెక్కే ముందు ఎంట్రీ ఇన్‌స్పెక్షను ఉంటది, సీటు బెల్టులు, బ్రేకులు, తుప్పు, రేకు అన్నీ విప్పి చూస్తారు. తుప్పులో ఒక్క మాట కూడా అనలా. కానీ షాకబ్జర్లు కంపెనీవి కావు, ఎత్తు మార్చుకునే రకం బయటివి బిగించున్నాయి, వాటితో పాస్ కావాలంటే వేరే సర్టిఫికేషను కావాలన్నారు. బావ ఫోన్ చేసి అడిగాడు, షీటులో లేదా అని. తీసి చూశా. ఉంది! రెండో లైనులో మూడే అక్షరాలు, షకోచో, ఎత్తు మార్చే సస్పెన్షను అని. ఇన్‌స్పెక్టరు రాశాడు, నేను చదవలా. సబి కోసం వెతుకుతా వెతుకుతా ఆ లైను మీద కళ్ళు పోనిచ్చా గానీ మనసు పోనివ్వలా, ఎత్తు అనే అక్షరం పోల్చి ఏదో అలైన్‌మెంటు చేయించారేమో అనుకున్నా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అక్కడ పాత బండ్లు విప్పి అమ్మే యార్డులో కంపెనీ షాకబ్జర్లు స్ప్రింగులు వెతికి బిగించి మళ్ళీ చూపించేసరికి ఇంకో నెల, ఖర్చు వేరే. బావ ఒక్క మాట అనలేదు. అక్క అంది, "నీ మీద భారం వేసింది మేము కదరా, నువ్వెందుకు ఇదైపోతావు" అని. అది ఇంకా బాధనిపించింది. అందుకే ఎవరైనా కొనేవాళ్ళుంటే చెప్తున్నా, షీటులో తెలియని అక్షరం ఒక్కటి మిగిలినా పాట పాడొద్దు, ఒక్కటి కూడా.

ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున్నే బావ వీడియో కాల్. అక్కడ చలికాలం. బొనెట్టు ఎత్తి, ఫోన్ ఎయిర్ ఫిల్టరు బాక్సు పక్కన పెట్టి, అక్కని తాళం తిప్పమన్నాడు. నేను షెడ్డులో గ్రైండరు ఆపించా, కుర్రోళ్ళిద్దరూ వచ్చి వెనక నిలబడ్డారు. ఒక్క తిప్పుకే అందుకుంది. చైను చప్పుడు లేదు, ట్యాపెట్లు సన్నగా గడియారంలాగా, రెండు నిమిషాల్లో ఐడిల్ కిందికి దిగి నిలబడింది. నాయన కళ్ళు మూసుకోని విన్నాడు, తల ఊపాడు అంతే. వేడెక్కినాక అక్క పక్క సీట్లో ఫోన్ పట్టుకుంటే బావ మోటార్‌వే ఎక్కే ర్యాంపు మీద రెండో గేరులో తొక్కాడు. నాలుగు వేలు, ఐదు వేలు, మామూలు ఇంజనే, ఆరు వేల దగ్గర గొంతు మారింది. ఎట్టా చెప్పాలో తెలియట్లేదు, మా సిటీ గొంతు మారేది నాకు నిద్రలో కూడా తెలుసు, ఇది అదే గొంతు, కాకపోతే వాళ్ళన్న పాడినట్టు. ఎనిమిది వేల దాకా పోయి మూడో గేరు వేశాడు, అక్కడికి 100 వచ్చేసింది, అక్కడ హద్దు అంతే, వదిలేశాడు. అక్క ఒకటే నవ్వు. వెనక నుంచి పిల్లోడు ఇంకోసారి ఇంకోసారి అని అరుస్తా ఉన్నాడు.

మూడో గేరు చల్లగా ఉన్నప్పుడు పడేటప్పుడు చిన్నగా గరుకుమంది, ఫోన్‌లోనే విన్నా. ఈ బండ్లకి మూడో గేరు సింక్రో, అంటే గేరు మెత్తగా పడేట్టు చేసే రింగు, బలహీనత ఉంది, వేడెక్కినాక పోయింది కాబట్టి ఇప్పుడే బాక్సు దించాల్సిన పని లేదు, హోండా గేరు ఆయిలే పోసి రెండు వేల కిలోమీటర్లు చూద్దాం బా అని చెప్పా. పెట్రోలు 98 ఆక్టేను తప్ప పోయబాకని కూడా చెప్పా, కంప్రెషన్ 11.5 ఉంది దీనికి. వాళ్ళిల్లు సముద్రానికి రెండు కిలోమీటర్లు కూడా లేదు, ఇంటెగ్రా ఇన్నాళ్ళు ఉప్పు తగలకుండా బతికింది, ఇప్పుడు తగులుద్ది. డోర్ల కింది రేకులో నీళ్ళు పోయే బొక్కలు ఉంటాయి, అవి ఎక్కడెక్కడున్నాయో మా సిటీని జాకీ మీద ఎత్తి, వేలు పెట్టి చూపిస్తా వీడియో తీసి పంపా, ముందు సన్న తీగతో అవి శుభ్రం చేసి తర్వాత లోపలికి మైనం స్ప్రే కొట్టమని. నిన్న బావ తిరిగి వీడియో పంపాడు, టార్చి పట్టుకోని కారు కింద పడుకోని ఒక్కొక్క బొక్కా చూపిస్తన్నాడు, కుడి పక్క నాలుగోది దొరకట్లేదంట. సాయంత్రం ఫోన్ చెయ్యాలి.